బండి ముందు ఖాళీ ఛాగల్

తెల్లవారి తలుపు తీసేసరికి మా గల్లీకి అడ్డంగా గుడిసెంత బండి ఒకటి నిలబడి ఉంది. పాలవాడు సైకిలు దిగి, గోడకు వీపు రాసుకుంటూ పక్కనుంచి జరుగుతున్నాడు. ఆ బండి ముందరి కమ్మీకి మా బాపు ఛాగల్ వేలాడుతోంది. అది చూసినప్పుడు మొదలైన కోపం ఇది. ఎడారికి పోయి వచ్చినా, ఒళ్లు నొప్పులు తగ్గినా, ఇప్పుడు రాయడానికి కూర్చున్నా ఆ కోపం మాత్రం దిగడం లేదు.

ఛాగల్ అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెప్పాలి. మందపాటి కాన్వాసు గుడ్డతో కుట్టిన నీళ్ల సంచి అది. మూతికి కర్ర బిరడా ఉంటుంది. నీళ్లు నింపి జీపు ముందు కడితే గుడ్డ చెమరుస్తుంది, ఎదురుగాలికి లోపలి నీళ్లు చల్లబడతాయి. మా బాపు సర్కారు జీపు డ్రైవరు. హుస్సేనీ ఆలంలో ఇప్పటికీ నేనుంటున్న ఇంటి నడవాలో, ఆయన కొట్టిన మేకుకే, ఆయన పోయిన తర్వాత కూడా ఆ సంచి వేలాడుతూ ఉండేది. వానాకాలంలో దాని దగ్గరికి పోతే తడి కాన్వాసు వాసన వచ్చేది. ఆ వాసన కోసమే నేను అటు పోయేదాన్ని. ముందు రోజు సాయంత్రం నా తమ్ముడి కూతురు స్రవంతి వచ్చి, నేను వంటింట్లో ఉండగా, అడగకుండా దాన్ని మేకు మీదనుంచి తీసేసింది.

"ఏందే ఇది?" అన్నాను వాకిట్లో నిలబడి.

"లుక్కు కోసం అత్తా. మస్తున్నది కదా? మా గ్రూపుల ఎవ్వల దగ్గర లేదు ఇసొంటిది."

"నీళ్లు పోసినవా అండ్ల?"

"నీళ్లెందుకు? వెనుక ఫ్రిజ్జే ఉన్నది." అని బండి వెనుక తలుపు తెరిచి నిజంగానే ఫ్రిజ్ చూపించింది.

స్రవంతి మంచి పిల్ల, అది ముందే చెప్పి పెడుతున్నాను. నగరం ఆ చివర కొత్త బస్తీలో ఉంటుంది, పెద్ద కొలువు చేస్తుంది, అయినా పదిహేను రోజులకొకసారి నా దగ్గరికి వచ్చి పక్కనే పడుకుంటుంది. రోడ్డు లేని చోట బండి నడపడం దాని సరదా. అలాంటి సరదా ఉన్నవాళ్లంతా కలిసి ఒక గ్రూపు. ఈసారి పడమటి ఎడారిలో అడవిశాఖవాళ్ల పార్కులు తిరుగుతూ, డేరాల్లో ఉంటూ పోదామనుకున్నారు. చిన్నప్పుడు నేను అక్కడ ఒక చలికాలం ఉన్నానని దానికి కథలు కథలుగా చెప్పాను కాబట్టి, "నీ ఎడారి నీకు చూపిస్త, నడువు అత్తా" అని నన్ను లేవదీసింది. ఈ వయసులో ఎడారేందని గల్లీలో అందరూ నవ్వారు. నేను మాత్రం రెండు చీరలు ఎక్కువే సర్దుకున్నాను.

ఖాళీ ఛాగల్ కట్టడం బాపుకు గిట్టేది కాదు. జీపులో తాగడానికి నీళ్ల డబ్బాలు వేరే ఉండేవి. ఛాగల్‌లో నీళ్లు ఆయన ముట్టేవాడు కాదు, నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. "అది మనకు కాదు బిడ్డా, తొవ్వల కనబడ్డోళ్లకు" అనేవాడు. ఎక్కడైనా నడిచి పోతున్న మనిషి కనబడితే జీపు ఆపి, దిగి, ముందుకు వచ్చి బిరడా తీసేవాడు. ఆ మనిషి దోసిలి పడితే ఈయన సంచి వంచేవాడు. ఆఫీసర్లు లోపల కూర్చుని గడియారాలు చూసుకునేవాళ్లు. వాళ్లు చూసుకున్నంత సేపూ బాపు ఇంకాస్త తీరిగ్గా పోసేవాడని నాకు అనుమానం.

భూమి లోపల నీళ్లు వెతికే ఆఫీసు ఆయనది. ఆ చలికాలం ఆయన జీపునూ ఇంజనీర్లనూ కలిపి ఎడారికి పంపారు. తమ్ముడు అప్పటికి ఇంకా పుట్టలేదు. అమ్మ నన్ను వెంటేసుకుని తనూ వస్తానని పట్టుబట్టింది. "నువ్వు ఇసుకల పండుకుంటే నేనింట్ల పరుపు మీద పండుకోవాల్నా?" అని ఆమె లొల్లి. అలా సామాన్లలో సామాన్లుగా మేమిద్దరం బయలుదేరాం. పచ్చడి జాడీలు, కిరసనాయిలు స్టవ్వు, బియ్యం మూట, మూత బిగించిన డబ్బాలో ముగ్గుపిండి. ముగ్గుపిండి ఎందుకని బాపు అడగలేదు. అడిగితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

హుస్సేనీ ఆలంలో మా పొద్దు అమ్మ వాకిలితో మొదలయ్యేది. మస్జిదులో అజాన్ వినబడగానే లేచేది. చేదబావిలో బొక్కెన పడిన చప్పుడు, తర్వాత రాళ్ల మీద చీపురు చప్పుడు, తర్వాత సాన్పు. ఊడ్చిన వాకిలి మీద పేడ కలిపిన నీళ్లు చల్లడాన్ని మా దిక్కు సాన్పు అంటారు. బకెట్ చంకన పెట్టుకుని, చేత్తో నీళ్లు అందుకుని, వానలా పడేట్టు చల్లేది. ఆ తడి మీద ముగ్గు. సాన్పు చల్లని వాకిలి ఆమె దృష్టిలో ఇల్లు కాదు, సత్రం. జ్వరమొచ్చినా, చుట్టాలు పోయినా, అది ఆగేది కాదు.

ఎడారిలో మొదటి పొద్దున కూడా అది ఆగలేదు. డేరా ముందు ఇసుకను చీపురుతో ఊడ్చింది. ఇసుక ఊడిస్తే కింద ఇసుకే వచ్చింది. బాపు దుప్పట్లో నుంచి నవ్వాడు. తర్వాత దారిలో పట్నంలో నింపుకొచ్చిన డబ్బాలోంచి బకెట్ నిండా నీళ్లు వంచి, పేడ దొరకలేదని గొణుక్కుంటూ, వాకిలంతా చల్లింది. ముగ్గు వేసి, నడుం మీద చేయి పెట్టుకుని చూసుకుంది. అప్పుడే మేకలు తోలుకుంటూ ఒక ఆడమనిషి వచ్చింది. పక్కన నాలుగైదు మట్టి ఇళ్ల గుంపు ఉండేది, అక్కడి మనిషి. పేరు సుగ్నీ అని తర్వాత తెలిసింది. బకెట్ చూసింది, తడి నేల చూసింది, ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టింది. ఆ భాషలో మాకు అర్థమైంది "పాణీ" ఒక్కటే. అమ్మ మా బజారు ఉర్దూలో "క్యా హువా బహెన్?" అంటూనే ఉంది. ఆమె వినలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఆ తడి ఇసుకను ముగ్గుతో సహా రెండు చేతులా ఎత్తి, తన ఓణీలో పోసుకుని, కొంచెం దూరంలో నడుమెత్తు ఉన్న ఒక మొక్క మొదట్లో కుప్పపోసింది. మళ్లీ వచ్చింది, మళ్లీ ఎత్తింది. తడి అనేది కనబడనంత వరకు ఎత్తింది. డేరా ముందు ఒక గుంత మిగిలింది.

అమ్మకు ఒళ్లు మండిపోయింది. "నేను అంత మంచిగ ముగ్గేస్తే గిట్ల తవ్వుకపోతదా? ఏం మనిషిది?" అని బాపు మీద ఎగిరింది. బాపు ఆమెను ఆ మొక్క దగ్గరికి తీసుకుపోయాడు. చూడగానే అమ్మ గొంతు మారిపోయింది. "ఏమయ్యా, ఇది జమ్మి గదా!" అంది. జమ్మే. దసరాకు మేము పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కే ఆకు. ఆ చెట్టును బతికించుకోవడానికి ఆ మనిషి మా వాకిలిని మోసుకుపోయింది. ఆ పూట అమ్మ సరిగా తినలేదు.

మరునాడు సుగ్నీయే వచ్చి, రమ్మని చెయ్యి ఊపి, మమ్మల్ని తీసుకుపోయింది. ముళ్లకంప దడి లోపల గుండ్రటి నేల, మా గల్లీ మొత్తం పట్టేంత. మట్టి, బూడిద కలిపి కొట్టి, నున్నగా, నడిమికి కొంచెం వాలుగా చేసి ఉంది. సరిగ్గా నడిమిన తెల్ల సున్నం వేసిన చిన్న గుమ్మటం. దడి దగ్గరే చెప్పులు విడవమంది. పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి, తెల్ల గుమ్మటం చూసి, చెప్పులు విడవమంటే ఏమనుకుంటుంది? అమ్మ తల మీద కొంగు కప్పుకుని, పోయి, గుమ్మటానికి రెండు చేతులా మొక్కి, "కౌన్ బాబా కీ దర్గా హై?" అని అడిగింది. సుగ్నీ ఒక క్షణం అలాగే చూసి, నేల మీద కూలబడి నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, లేచి, గుమ్మటానికి ఉన్న చిన్న తలుపు తెరిచింది. లోపల, చాలా కింద, నల్లటి నీళ్లు. వాటిలో మా ముగ్గురి ముఖాలు.

అది కుండ్. ఆ నాలుగిళ్లవాళ్లు ఏడాదంతా తాగే నీళ్లు అందులోవే. వాన పడేది ఎప్పుడో, కాసేపే. పడిన చుక్క పడినట్టు ఆ నున్నటి నేల మీదనుంచి జారి లోపలికి పోవాలి. అందుకే దాన్ని ఊడుస్తారు, మేకను రానివ్వరు, చెప్పు కాలు మోపనివ్వరు. నేల పగిలితే నీళ్లు ఇసుకలోకి ఇంకిపోతాయి, మురికి పడితే ఆ మురికే తాగాలి. ఇదంతా బాపు మాకు సాయంత్రం విడమర్చి చెప్పాడు. సుగ్నీ మాత్రం అప్పటికే ఊరంతా తిరిగి దర్గా సంగతి చెప్పేసింది. ఆ చలికాలమంతా ఆ ఆడవాళ్లు అమ్మ కనబడితే చాలు, తల మీద ఓణీ లాక్కుని దండం పెట్టి చూపించి నవ్వేవాళ్లు. అమ్మ కూడా నవ్వేది. ఆ రోజు నుంచి ఆమె సాన్పుకు మంచినీళ్లు వాడలేదు. బియ్యం కడిగిన నీళ్లు ఒక గిన్నెలో దాచి, మరునాడు వాటితోనే నాలుగు చుక్కలు చల్లేది. తిరిగొచ్చాక, ఇంట్లో బావి ఉన్నా, నల్లా వచ్చినా, పోయేదాకా అదే అలవాటు. ఇప్పుడు నాకూ అదే అలవాటు.

మేము డేరాలు పీకిన రోజు సుగ్నీ బిందె ఎత్తుకుని వచ్చి జీపు ముందరి ఛాగల్ వైపు వేలు చూపించింది. బాపు వద్దన్నాడు. ఆ కుండ్‌లోంచి నీళ్లు తీసుకోవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. సుగ్నీకి ముగ్గు రోజు వచ్చినంత కోపం వచ్చింది. బిరడా తనే ఊడబీకి, సంచి పొంగేదాకా పోసింది.

ఇదంతా తెలిసిన మనిషిని నేను. ఫ్రిజ్ ఉన్న బండిలో, ముందు ఖాళీ ఛాగల్‌తో, అదే ఎడారికి పోయాను. పది దాటిన బండ్లు. ఒకదాన్ని మించి ఒకటి ఎత్తు. బండికొక వైర్‌లెస్, అందులో అందరూ మిలిటరీవాళ్లలా మాట్లాడుకోవడం. వాళ్ల నాయకుణ్ణి అందరూ కెప్టెన్ అంటారు. ఏ పటాలానికి కెప్టెనో నేను అడిగితే స్రవంతి నా మోచేతి మీద గిచ్చింది. పార్కు గేటు దగ్గర గార్డు, "బండ్ల జాడ దిగి పోవద్దు, పిట్టలు నేల మీద గుడ్లు పెడతాయి" అని ఒక్కొక్క బండి దగ్గరికి వచ్చి చేతులు జోడించి చెప్పాడు. అందరూ తలలూపారు. గేటు కనుమరుగు కాగానే కెప్టెన్ జాడ దిగాడు. వెనుక అందరూ దిగారు. వైర్‌లెస్‌లో ఈలలు.

రాత్రి బస డేరాలే అన్నారు కదా అని సంతోషపడ్డాను. డేరాలే, కానీ లోపల స్నానాలగది, గది నిండా తెల్ల తువ్వాళ్లు. సాయంత్రం అక్కడికి ఒక ట్యాంకరు వచ్చింది. ఇద్దరు మనుషులు గొట్టం పట్టుకుని, డేరాల ముందు ఇసుకంతా నీళ్లతో తడిపారు. తివాచీల మీద, తినే పళ్లేల మీద దుమ్ము లేవకుండా అట. నేను కుర్చీలో కూర్చుని ఆ తడి ఇసుకను చూశాను. మా అమ్మ చల్లింది బకెట్, అదీ తెలియక. దానికే ఒక మనిషి వచ్చి మీద పడి అరిచింది. ఇక్కడ ట్యాంకరు గుమ్మరిస్తుంటే అడిగేవాళ్లు లేరు. స్రవంతికి చెప్పాను. "రోజూ జల్లుతరట అత్తా, ఏం చేద్దాం?" అంది. దాని ముఖం కొంచెం చిన్నబోయింది, కానీ లేచి పోయి ఎవరినీ అడగలేదు.

వీళ్లను నేను ఇక్కడే మొదటిసారి చూశానా? లేదు. ఆదివారం ఆదివారం మా గల్లీకి వస్తారు. చార్మినార్ చూసి, గాజులు కొని, పాత ఇళ్లు చూద్దామని ఇటు మళ్లుతారు. మా తలుపులు ఫొటో తీసుకుంటారు. నా ముగ్గు మీద బూట్లతో నిలబడి, నా అరుగు మీద కూర్చుని, "వావ్" అంటారు. లోపలినుంచి నేను దగ్గితే ఉలిక్కిపడతారు, లోపల మనిషి ఉంటుందని వాళ్లు అనుకోరు. తాము ఉండని చోటు ఎవరూ ఉండని చోటే అని వీళ్లకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. నాకు ఒళ్లు మండేది దానికే.

మరునాడు ఒక పార్కు దాటి ఇంకో పార్కుకు పోతున్నాం. నడుమ అంతా ఇసుక, పొదలు. వైర్‌లెస్‌లో కెప్టెన్ గొంతు వచ్చింది. "గైస్, ముందట సూపర్ స్పాట్ దొరికింది. రౌండ్ ట్రాక్. ఎవడో మనకోసమే చేసి పెట్టినట్టున్నది." మా బండి ఒక మిట్ట ఎక్కింది. కింద ముళ్లకంప దడి. లోపల గుండ్రటి నున్నటి నేల. నడిమిన తెల్ల గుమ్మటం. కెప్టెన్ బండి దడిని తొక్కుకుంటూ అప్పటికే లోపలికి పోయింది. గుమ్మటం చుట్టూ గిర్రున తిరుగుతోంది. వెనుక చక్రాలు నేలను పెళ్లలు పెళ్లలుగా లేపుతున్నాయి. దాని వెనుక ఇంకో బండి. మూడోది మాది.

"స్రవంతీ, ఆపు."

"ఏమైందత్తా? వెనుకంగ అందరొస్తున్నరు."

"అది కుండ్ బిడ్డా. తాగే నీళ్లు. ఆపు!"

బండి పూర్తిగా ఆగకముందే తలుపు తీసి దిగాను. మోకాలు మడత పడింది, లేచాను. దడి దగ్గర చెప్పులు విడిచి, లోపలికి నాలుగడుగులు వేసి, ఆ నేల మీద కూర్చున్నాను. నన్ను తొక్కి పోతే పొండి అనుకున్నాను. వెనుకనుంచి హారన్లు మొదలయ్యాయి. తల తిప్పి చూస్తే స్రవంతి బండిని వెనక్కి తీసి, దడి తెగిన చోట అడ్డంగా పెట్టి, తాళంచెవి పీకి చేతిలో పట్టుకుంది. వైర్‌లెస్ అరుస్తోంది. స్రవంతి దాని నోరు కట్టేసింది.

కెప్టెన్ దిగి నా దగ్గరికి వచ్చాడు. బూట్లతోనే.

"ఏమైంది ఆంటీ? చిల్. ఇక్కడ ఎవ్వరుండరు. ఎంప్టీ ల్యాండ్ ఇది."

"ఎవ్వరుండకపోతే సున్నమెవడేసిండు రా? దడెవడు కట్టిండు? నీ అయ్య కట్టిండా?"

అలాంటి మాట నేను ఎవరినీ అనలేదు అంతకుముందు. అన్నందుకు ఇప్పటికీ చింత లేదు. ఆయన వెనక్కి తిరిగి తన బండి నిలిపిన చోటు చూశాడు. బండి కిందనుంచి నూనె చుక్కలు చుక్కలుగా ఆ నేల మీద పడుతోంది. "సారీ ఆంటీ, మాకేం తెలుసు?" అన్నాడు. నిజమే, తెలియదు. తెలియని చోటికి వచ్చినవాడు ముందు బండి ఆపి, దిగి చూడాలని కూడా తెలియదు. స్రవంతి బండి పక్కకు తీసింది. రెండు బండ్లూ మెల్లగా, వచ్చిన జాడ మీదే, మళ్లీ ఆ నేలను తొక్కుకుంటూ బయటికి పోయాయి. వేరే దారి లేదు వాటికి.

అప్పుడు మిట్ట అవతలనుంచి ఒక ఆడమనిషి వచ్చింది. బండ్ల చప్పుడు విని వచ్చినట్టుంది. నడివయసు. చంకన బిందె, చేతిలో నీళ్ల లోటా. ఆ దిక్కు ఎవరు వచ్చినా, పేరు అడగకముందు నీళ్లిస్తారు. సుగ్నీ ఇంట్లోనూ అంతే, పిలవని మా ఇంజనీర్లకూ అంతే ఇచ్చారు. ఇది సుగ్నీ వాళ్ల చోటో కాదో నాకు తెలియదు, అక్కడ ఒక మిట్ట ఇంకో మిట్టలాగే ఉంటుంది. ఆమె ముఖం మీద చిన్న నవ్వుతోనే వచ్చింది. దడి దాకా వచ్చింది. విరిగిన కంపను చూసింది, లేచిపోయిన నేలను చూసింది, నూనె మరకను చూసింది. చెప్పులు లేకుండా, తల మీద కొంగు కప్పుకుని కూర్చున్న నన్ను కూడా చూసింది. కొంగు ఎప్పుడు కప్పుకున్నానో నాకు గుర్తులేదు.

అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. నా మీద ఇసుక పోసినా బాగుండేది. ఆమె లోటాలో నీళ్లను, ఒక్క చుక్క పోనివ్వకుండా, బిందెలోకి వంచుకుని, వెనక్కి తిరిగి పోయింది. కాసేపటికి చీపురుతో వచ్చింది. వచ్చి, నూనె మరక దగ్గర కూర్చుని, పాడైన మట్టిని ఓణీలోకి ఊడ్చుకోవడం మొదలుపెట్టింది. నేను పోయి పక్కన కూర్చుని, ఇటివ్వమని చెయ్యి చాపాను. ఆమె చీపురు ఇవ్వలేదు.

ఎంతసేపు అలా చెయ్యి చాపి ఉన్నానో. వెనుక ఎవరో వచ్చిన అలికిడైతే చూశాను. స్రవంతి, చెప్పులు లేకుండా. బండి ముందరినుంచి ఛాగల్ విప్పుకుని వచ్చింది. దాన్ని రెండు చేతులా కడుపుకు అదుముకుని, నీళ్లడగడానికి తెచ్చినట్టు ఆమెకు కనబడకుండా దుపట్టా కప్పింది.

"అత్తా, దూపైతున్నది" అంది మెల్లగా, ఎండిన పెదాలు తడుపుకుంటూ.

"అయితే కానీ" అన్నాను.